నేల మూగబోయిన వానాకాలం

మా ఇంట్లో పాట వినాలనుకున్నవాళ్ళు ముందు చెప్పులు విప్పాలి. ఆ తర్వాత ముందుగదిలో నాన్న కట్టిన చెక్క వేదిక ఎక్కి, నోరు మూసుకుని నిలబడాలి. వేదిక కింద గంగాళం మూతంత స్పీకరు బోర్లా బిగించి ఉండేది. పాట మొదలైందంటే అరికాళ్ళలోంచి మోకాళ్ళ దాకా ఎక్కేది. వంటింట్లో గిన్నెలు వాటంతట అవే జరిగేవి. "ఈ ఇంట్లో సామాను కూడా నా మాట వినదు" అని అమ్మ వాటిని వెనక్కి నెడుతూ విసుక్కునేది.

ఇదంతా మా గువ్వ కోసం. గువ్వ నా చెల్లెలు. పుట్టినప్పటినుంచీ చెవులు వినపడవు. నాట్యం చేస్తుంది. ఈ రెండూ ఒకే ఊపిరిలో చెబితే జనం నేనేదో వేళాకోళం ఆడుతున్నానని నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది. నాకు దేనికైనా మండుతుందనుకోండి, అది వేరే సంగతి. గువ్వ చేతుల భాషలో నా పేరే మిరపకాయ. నాలుక బయటపెట్టి ఉఫ్ మని ఊదుకుంటే నేనన్నమాట.

నాన్నా నేనూ ఇంటి వెనక షెడ్డులో రేడియోలూ ఆంప్లిఫయర్లూ బాగుచేసేవాళ్ళం. గువ్వ వేదికకి పాట అందించే సెట్టు నాన్న తన చేత్తో కట్టిందే. అందులో రెండు పెట్టెలు. చిన్న పెట్టె ప్రీ ఆంప్. టేపులోంచి వచ్చే బక్కచిక్కిన పాటని శుభ్రం చేసి, కాస్త పెంచి ఇస్తుంది. పెద్ద పెట్టె పవర్ ఆంప్. దానికి బలం ఎక్కించి స్పీకరుని తోస్తుంది. రెండూ వాల్వులవే. వాల్వులంటే బల్బుల్లాంటి గాజు బుడ్లు. స్విచ్ వేశాక మెల్లగా ఎర్రబడి, ఒళ్ళు వెచ్చబడితే గానీ పనిలోకి దిగవు. "అచ్చం మీ నాన్నలాగే" అనేది అమ్మ.

ఆ ఏడు తొలి వానల్లో, పేరున్న నాట్యబృందం నడిపే టీచరుగారు మా ఇంటికి వచ్చారు. తడిసిన గొడుగు గుమ్మం పక్కన ఆనించి, కుర్చీ వేసినా కూర్చోకుండా, గువ్వ ఆడినంతసేపూ గోడకి వీపు ఆనించి చూశారు. పాట అయ్యాక నా వైపు తిరిగారు.

"ఒళ్ళు బాగా తిరుగుతుంది మీ చెల్లికి. కానీ ఒంటరిగా ఆడటం వేరు, పదిమందితో కలిసి వరసలో ఆడటం వేరు. వానలు తగ్గాక మా హాల్లో మావాళ్ళతో కలిపి ఆడించి చూస్తాను. లయ నిలబెట్టుకుంటే బృందంలో చేర్చుకుంటా. తప్పిందా, లేదు. పాపం అని మాత్రం చేర్చుకోను. ముందే చెబుతున్నా."

నేను చేతులతో చెప్పాను. చివరి మాట మళ్ళీ చెప్పమంది గువ్వ. మళ్ళీ చెప్పాను. దాని మొహం వెలిగిపోయింది. "పాపం అనని మనిషి ఇన్నాళ్ళకి దొరికింది" అంది.

అప్పటినుంచి అది వేదిక దిగితే ఒట్టు. బయట వాన, లోపల ఇది. పెళ్ళి ఊసెత్తితే లేచి వెళ్ళిపోయే పిల్ల, చదువంటే ఆవలించే పిల్ల, ఆ బృందం కోసం ప్రాణం పెట్టేసింది. అందులో చేరకపోతే దానికి ఇంకో దారి లేదని కాదు. ఇంకో దారి దానికి అక్కర్లేదు, అంతే.

అలాంటి సమయంలో ఓ మధ్యాహ్నం పెద్ద పెట్టెలోంచి కమురు వాసన వచ్చింది. నాన్న షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చి మూత కూడా తీయకుండా, ముక్కు ఎగబీల్చి చెప్పేశాడు.

"పోయింది. స్పీకరుకి పోయే ట్రాన్స్‌ఫార్మర్."

"ఇంకోటి చుట్టిద్దాం నాన్నా."

"ఎవడు చుడతాడే? దాన్ని చుట్టినవాడూ లేడు, ఆ ఇనుమూ దొరకదు" అని పెట్టె మీద చెయ్యివేసి అలాగే కూర్చుండిపోయాడు. ఇంట్లో ఎవరో పోయినట్టే ఉంది ఆ కూర్చోవడం.

మర్నాడు మైకుల మామయ్య దిగాడు. అమ్మకి తమ్ముడు, సభలకీ మీటింగులకీ మైకులు అద్దెకిస్తాడు. మనిషి గొంతే చిన్నసైజు లౌడ్‌స్పీకరు. చంకలో నల్లటి ట్రాన్సిస్టర్ల పవర్ ఆంప్ ఒకటి పట్టుకొచ్చాడు. దాని మొహం మీద పాటకి తగ్గట్టు ఊగే ముల్లు కూడా ఉంది.

"బావా, ఇంకా ఆ గాజు బుడ్లు పట్టుకుని ఎన్నాళ్ళు వేలాడతావు? ఇది చూడు. స్విచ్ వేశావా, పలికిందా! వేడెక్కేదాకా దాని కాళ్ళు పట్టుకోనక్కర్లేదు. నీ పాతదానికి పదింతల బలం."

"నీలాగే. ఆలోచించేలోపే అరుస్తుంది" అన్నాడు నాన్న.

"అరిస్తేనేం, మన పిల్లకి కావలసింది అదేగా?"

నాన్న కాలిపోయిన పెద్ద పెట్టెని పక్కకి జరిపాడు. చిన్న పెట్టె మాత్రం మార్చడానికి వీల్లేదన్నాడు. పాటకి రంగూ రుచీ ఇచ్చేది అదేనట. సరే, వాల్వుల ప్రీ ఆంప్ నాన్నది, ట్రాన్సిస్టర్ల పవర్ ఆంప్ మామయ్యది. రెంటికీ మధ్య వైరు తగిలించేముందు నాన్న ఒక్క క్షణం ఆగాడు. "వీటికి పొసగుతుందంటావా?" అన్నాడు.

"పిన్ను దూరిందా లేదా? దూరింది. ఇంకేం పొసగాలి?" అన్నాడు మామయ్య. నిజానికి ఆ మాట నేనే అనబోయాను.

పాట పెట్టాం. అబ్బ! ఇంత తియ్యగా ఆ సెట్టు ఎన్నడూ పలకలేదు. నాన్న కూడా నోరెళ్ళబెట్టాడు. డోలు దెబ్బ దెబ్బకీ గుండ్రంగా, నిండుగా వినిపించింది. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "హమ్మయ్య, గిన్నెలు కుదురుగా ఉన్నాయి" అంది. మేం నవ్వాం. మామయ్య మీసం తిప్పాడు.

గువ్వ వేదిక ఎక్కింది, మొదటి అడుగు వేసింది, తప్పింది.

మళ్ళీ పెట్టాం. మళ్ళీ తప్పింది. ఏళ్ళ తరబడి ఆడిన పాటే. కొత్త సెట్టు కదా, అలవాటు కావాలన్నాం. రెండోరోజు చెక్కలు చెమ్మ పట్టాయన్నాడు నాన్న. చిత్రిక పట్టి, మేకులు బిగించి, కింద పరిచి ఉన్న పాత ఎండుగడ్డి తీసేసి కొత్తది పరిచాడు. తప్పింది. మామయ్య సౌండు పెంచాడు. ఇంకా పెంచాడు. పక్కింటి పెద్దాయన గోడ మీంచి తల పెట్టి, "బాబూ, మీ అమ్మాయికి వినపడదు సరే, నాకు వినపడుతుంది కదా" అని దండం పెట్టాడు. అయినా తప్పింది. గువ్వ అడుగు గాల్లో తడుముకుంటూ, దెబ్బ దాటిపోయాక ఎక్కడో పడేది. కాసేపటికి నేలని వదిలేసి నా చేతివంక చూసి ఆడటం మొదలుపెట్టింది. నేను తాళం వేస్తే అడుగు, వేయకపోతే లేదు. అది నాట్యమా? రోడ్డు దాటించడం.

"భయం పట్టుకుంది దానికి. టీచరమ్మ బెదిరించి పోయిందిగా" అన్నాడు మామయ్య.

"దానికి భయమా?" అన్నాను గానీ, నాకూ లోపల పీచుపీచుమంటోంది. వానలు సగానికి వచ్చేశాయి.

ఓ మధ్యాహ్నం షెడ్డులోంచి వచ్చేసరికి గువ్వ చెప్పులు వేసుకుని వేదిక అంచున కూర్చుని ఉంది. ఆ వేదిక మీద అది చెప్పులతో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"టీచరుగారికి చెప్పెయ్. నేను రాను" అంది.

"ఏం, ఎందుకని?"

చెవి మీద వేలు పెట్టుకుంది, అది తన సంగతి చెప్పేటప్పుడు చేసే సైగ. తర్వాత అదే వేలు వంగి పాదాల మీద పెట్టింది.

"చెవుల సంగతి తెలిసిందే. ఇప్పుడు కాళ్ళకీ వచ్చింది. చెవుడు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిచ్చి వాగుడు వాగకు, అని చేతులు విసిరాను. భయపడి సాకులు చెబుతున్నావన్నాను. సౌండు పక్కవీధిదాకా పోతోంది, నీకొక్కదానికే తెలియడంలేదా అన్నాను. అంతా విన్నది, అంటే చూసింది. అది ఏడవలేదు. లేచి, చెప్పులు విప్పి, నా జబ్బ పట్టుకుని వేదిక మీదికి లాగింది.

గువ్వ వెళ్ళి అమ్మ కుట్టుపెట్టెలోంచి దూది తెచ్చి నా చెవుల్లో కుక్కింది. పైన నా చేతులే గట్టిగా నొక్కిపెట్టింది. నన్ను బోర్లా పడుకోబెట్టి చెంప చెక్కకి ఆనించింది. పాట పెట్టి నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. మామయ్య ఆంప్లిఫయర్ మీద ఊగే ముల్లుని చూస్తూ, అది ఎగిసినప్పుడల్లా అరచేత్తో నా వీపు మీద కొట్టడం మొదలుపెట్టింది.

దెబ్బ. నేల ఏమీ అనలేదు. దెబ్బ. ఏమీ లేదు. చెంప కింద సన్నటి జలదరింపు, ఈగ వాలినంత. దెబ్బ. ఆ దెబ్బల మధ్య నేను నేల కోసం ఎదురుచూస్తున్నాను, నేల రావడంలేదు. ఇన్నేళ్ళూ ఇదే చెక్కమీద ఆ పాటకి నా మోకాళ్ళు వణికేవి.

దూది పీకేశాను. గుండ్రంగా, నిండుగా డోలు. మళ్ళీ కుక్కుకున్నాను. లేదు! పీకాను, ఉంది. కుక్కాను, లేదు.  ఆ డోలు గదిలో లేదు. నేలలో లేదు, గాలిలో లేదు. నా తలలో ఉంది.

"నాన్నా!" అని నేను పెట్టిన కేకకి నాన్నా మామయ్యా ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. మాటలతో చెబితే నమ్మేరకాలు కాదు. ఇద్దరి చెవుల్లోనూ దూది కుక్కి పడుకోబెట్టాను. అమ్మ వచ్చి చూసేసరికి ముగ్గురం వేదిక మీద వరసగా బోర్లా పడి ఉన్నాం, పైన గువ్వ.

"ఏమొచ్చింది మీకు? అందరూ ఒక్కసారే పడ్డారేం?" అంది అమ్మ.

నాన్న మెల్లగా లేచి కూర్చున్నాడు. మొహం పాలిపోయింది.

"బేస్ లేదు. అసలు అడుగు స్వరమే లేదు" అన్నాడు.

"అదేమిటి, ఎప్పటినుంచో లేదుగా?" అంది అమ్మ. మేం ముగ్గురం ఆవిడవంక చూశాం. "గిన్నెలు జరగడం మానేశాయని మొదటిరోజే చెప్పాను. నా మాట ఎవరు విన్నారు కనక?"

నాన్న షెడ్డులోంచి, పాటని తెరమీద గీతగా చూపించే ఆసిలోస్కోపు తెచ్చి, ప్రీ ఆంప్ నుంచి పవర్ ఆంప్‌కి పోయే వైరు మీద పెట్టాడు. తెరమీద పచ్చటి గీతలో పైస్వరాలు ముళ్ళలా లేచి ఆడుతున్నాయి. డోలు దెబ్బ దగ్గర కొండలా లేవాల్సిన పెద్ద అల లేదు. నాన్న ఆ అల లేవాల్సిన చోట తెరమీద వేలు పెట్టాడు. 

"చిన్నప్పుడు అరచేతంత రేడియోలో డోలు పాటలు వినేవాణ్ణి. ఆ బుల్లి స్పీకరుకి అంత బేస్ పలికే తాహతెక్కడిది? దాని పైస్వరాలు మాత్రం పలికేది. అవి వరసగా వినపడితే చాలు, కింద ఉండాల్సిందాన్ని చెవి తనే పూరించుకుంటుంది. తెలుసు నాకు. చదువుకున్నాను కూడా. తెలిసీ ఇన్నిరోజులు..." అని ఆగి, గువ్వ పాదాలవంక చూశాడు. "ఇంట్లో ఉన్నవాళ్ళలో అబద్ధం వినపడనిది దీనికొక్కదానికే."

నేను అది చేతులతో గువ్వకి చెప్పాను. నీ కాళ్ళకేం కాలేదు, నేలే పలకడంలేదు, మా చెవులు మమ్మల్ని మోసం చేశాయని చెప్పాను. గువ్వ నమ్మలేదు. నన్ను ఓదార్చడానికి చెబుతున్నావంది. దానికి మాటలతో పనిలేదు. నేల పలకాలి.

తర్వాతి వారాలు మా ఇల్లు ఇల్లులా లేదు. నాన్న చిన్న పెట్టె తెరిచాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వని పెట్టె అది.

"చూడవే" అన్నాడు నాతో. "వాల్వులోంచి వచ్చే పాట సన్నటి గొట్టంలోంచి వచ్చే నీళ్ళనుకో. మన పాత పవర్ ఆంప్ అందులోంచి చుక్క కూడా తాగేది కాదు. ఒత్తిడి ఎంతుందో చూసుకుని పని చేసుకునేది. ఈ కొత్తది అలాక్కాదు, కొళాయి బార్లా తిప్పుకుని కూర్చుంది. గొట్టం ఎక్కడ తట్టుకుంటుంది? పైగా దారిలో ఈ కండెన్సర్ ఒకటి." గోరంత ఉన్న దాన్ని వేలితో చూపించాడు. "పాతదానికి ఇంతే చాలు. ఇంత గుంజుకునేదానికి ఇందులోంచి పైస్వరాలు దూరతాయి, బేస్ ఇవతలే ఆగిపోతుంది. ఇహ తియ్యగా ఉందన్నామే, ఆ తీపి వాల్వు పడే అవస్థ. మూలుగుతుంటే మనం తల ఊపాం."

"పిన్ను దూరితే చాలన్నాను కదా" అని మామయ్య నీళ్ళు నమిలాడు. మనిషి గొంతు తగ్గించగా నేను చూసింది అదే మొదటిసారి.

ముందు పెద్ద కండెన్సర్ వేసి చూశాం. నాన్న పదేపదే చెప్పాడు, ముందు వాల్వుల పెట్టె వెలిగించి బాగా వేడెక్కనివ్వాలి, ఆ తర్వాతే ట్రాన్సిస్టర్లది వేయాలి, ఆపేటప్పుడు తిరగేసి ఆపాలి అని. మామయ్యకి సభల్లో బోర్డు మీద ఒక్క స్విచ్‌తో అన్నీ వేసే అలవాటు. రెండూ ఒకేసారి వేసేశాడు. కాసేపు ఏమీ కాలేదు. వాల్వులు ఎర్రబడి, లేచిన కరెంటంతా ఒక్క ఊపున ఆ కొత్త కండెన్సర్ దాటింది. ధభీమని ఒక్క చప్పుడు! గోడ గడియారం కిందపడింది. వంటింట్లో ఇత్తడి బిందె దొర్లింది. మా అందరి పైప్రాణాలు పైనే పోయాయి. వేదిక మీద గువ్వ మాత్రం కళ్ళు ఇంతింత చేసుకుని, రెండు చేతులూ పైకెత్తింది.

"మళ్ళీ! మళ్ళీ వెయ్!"

నాన్న స్పీకరు అట్ట మెల్లగా నొక్కి చూసుకున్నాడు. రాపిడి లేదు. బతికిపోయింది. అమ్మ గరిటె పట్టుకుని వచ్చి తమ్ముణ్ణి స్విచ్ దగ్గర్నుంచి తరిమేసింది.

బేస్ వచ్చింది గానీ గువ్వ మొహం విప్పారలేదు. "వచ్చింది. కానీ అలిసిపోయి వచ్చింది" అంది. స్కోపు మీద చూస్తే నిజమే, అల లేచినట్టే లేచి కూలబడుతోంది. నాన్న ఆ మాట విని నవ్వాడు. ఈ మీటరు ముందు నా స్కోపు ఎందుకు అన్నాడు.

ఆఖరికి ఇంకో చిన్న వాల్వు కలపాలని తేల్చాడు, ప్రీ ఆంప్ చివర, బయటికి పోయే దారిలో. "ఇది పాటని రవ్వంత కూడా పెంచదు. ఉన్నదాన్ని ఉన్నట్టు మోస్తుంది, అంతే. ఎంత గుంజినా వంగదు. ఇటు గాజుకి బరువు తెలియదు, అటు కొత్తదాని దాహం తీరుతుంది." కొలతలు నాన్నవి, సోల్డరింగ్ నాది, తిట్లు ఇద్దరివీ. ప్రతి మార్పుకీ గువ్వ వేదిక ఎక్కి, కళ్ళు మూసుకుని నిలబడేది. బొటనవేలు కిందికి. మళ్ళీ విప్పడం. కిందికి. మళ్ళీ. ఓసారి ఏమీ మార్చకుండానే మార్చామని అబద్ధం చెప్పి చూశాను. కళ్ళు తెరిచి, నాలుక మీద ఉఫ్ మని ఊది, నా నెత్తిన ఒక్కటిచ్చింది.

వాన కాస్త తెరిపి ఇచ్చిన ఓ సాయంత్రం అది జరిగింది. వాల్వుల పెట్టె వేడెక్కేదాకా ఆగాం. మామయ్య కూడా చేతులు కట్టుకుని ఆగాడు. తర్వాత రెండోది వేశాం. పాట పెట్టాను. నాకు తియ్యగా ఏం వినిపించలేదు. మామూలుగా ఉంది. చెప్పాలంటే మునుపటికన్నా కాస్త మొరటుగానే ఉంది. కానీ వంటింట్లోంచి టకటకమని గిన్నెల చప్పుడు వచ్చింది. నా మోకాళ్ళలోకి ఏదో ఎక్కింది.

గువ్వ ఆడలేదు. ఉన్నచోటే కూలబడింది. రెండు అరచేతులూ నేలకి ఆనించి, నుదురు కూడా ఆనించి, అలాగే ఉండిపోయింది. దాని భుజాలు కదులుతున్నాయి. పరిగెత్తి దగ్గరికెళ్ళాను. తల ఎత్తింది, మొహమంతా కన్నీళ్ళు.

"నా కాళ్ళు బాగానే ఉన్నాయి" అంది.

నాన్న వెనక్కి తిరిగి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఏదో మర్చిపోయానన్నాడు. నేనూ ఏడ్చాను, దాపరికమేముంది? మనం అల్పంగా చూసే పాదం, బురద తొక్కే పాదం, మా ముగ్గురి చెవులకీ అందని నిజాన్ని పట్టుకుని వదల్లేదు. తనమీద తనకే నమ్మకం పోయినరోజున కూడా వదల్లేదు. ఇప్పటికీ ఆ తలపు వస్తే నాకు చేతిమీద వెంట్రుకలు లేస్తాయి.

వానలు తగ్గాయి. టీచరుగారి హాలు మేం అనుకున్నదానికన్నా చాలా పెద్దది. చెక్క స్టేజీ, దాని కింద మనిషి వంగి నడిచేంత ఖాళీ. మా స్పీకరు అక్కడ బిగించాం. నాన్న ప్రీ ఆంప్ పక్కనే చీకట్లో చతికిలబడ్డాడు, బయటికి రమ్మంటే రాలేదు. హాలు స్పీకర్లు ఎదురుగా, కుర్చీలన్నీ దాటాక, చిట్టచివరి గోడకి ఉన్నాయి. ఎప్పటినుంచో అక్కడే ఉన్నాయట. బృందంలోవాళ్ళు వరసగా నిలబడ్డారు. గువ్వది కొసన చోటు. టీచరుగారు నన్ను పక్క తెర దగ్గర నిలబెట్టి, "నువ్వు చేత్తో తాళం చూపిస్తూ ఉండు. తప్పుతుందేమో" అన్నారు. నాకు సుర్రుమంది గానీ, నోరు మూసుకుని చెయ్యెత్తాను.

పాట మొదలైంది. వరసంతా ఒక్కటిగా కదిలింది. కొసన గువ్వ కూడా కదిలింది. కానీ ఏదో తేడా. దాని అడుగు ముందు పడుతోంది. వెంట్రుకవాసి. ప్రతిసారీ, అంతే. 

టీచరుగారి కర్ర నేలని కొట్టింది. పాట ఆపేశారు.

"కొసన అమ్మాయి ముందు పడుతోంది. చెప్పు."

చెప్పాను. గువ్వ నావంక చూసింది, వరసవంక చూసింది. కంగారు లేదు దాని మొహంలో. "నేను కాదు. వాళ్ళు ఆలస్యం" అంది.

"ఏమంటోంది?" అన్నారు టీచరుగారు.

ఒక్క క్షణం నా నాలుక తడబడింది. ఈ మాట చెబితే అయిపోయినట్టే. కానీ దాని మాట నేను మార్చడమా? "వాళ్ళందరూ ఆలస్యమట" అన్నాను, గట్టిగానే. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

టీచరుగారు నవ్వలేదు. మెట్లెక్కి స్టేజీ మీదికి వచ్చారు. కాసేపు గువ్వ పాదాలవంక చూశారు. చెప్పులు విప్పి పక్కన పెట్టి, "మళ్ళీ పెట్టండి" అన్నారు. వరస ఆడుతుంటే మధ్యలో కళ్ళు మూసుకుని నిలబడ్డారు. ఆవిడ కనుబొమలు ముడిపడటం చూశాను. చెయ్యెత్తి, "ఆ చివరి స్పీకర్లు ఆపెయ్యండి" అన్నారు. నా పక్కన, స్విచ్‌ల దగ్గరున్న మామయ్య ఆపాడు. స్టేజీ కింద స్పీకరొక్కటే మిగిలింది. ఆ మోతకి అందరూ మళ్ళీ ఆడారు. ఒక్క అడుగే పడినట్టు పడింది. ఎవరూ ముందు లేరు, ఎవరూ వెనక లేరు.

అప్పుడు తెలిసింది మాకు. చివరి గోడ నుంచి చప్పుడు ఇక్కడికి రావడానికి పట్టే కాస్త సమయం, అంతే తేడా. అందరూ ఒకేలా వెనకబడితే వెనకబడ్డామని తెలిసేదెలా?

"ఇన్నేళ్ళూ మనం ఆ గోడ చెప్పింది విని ఆడాం" అన్నారు టీచరుగారు. ఎవరితోనో కాదు, తనలో తనే. తర్వాత వెళ్ళి గువ్వ చెయ్యి పట్టుకుని వరస మధ్యకి, అందరికన్నా ముందుకి తెచ్చి నిలబెట్టారు. వెనక్కి తిరిగి, "ఇవాళ్టినుంచి కాలు ఈ అమ్మాయిని చూసి వెయ్యండి" అన్నారు.

ఆ మాట నేను చేతులతో చెప్పేలోపే గువ్వకి అర్థమైంది. అందరి చూపులూ దాని మడమల మీద ఉన్నాయి.

మొదట్నుంచి మళ్ళీ. ఈసారి చివరి స్పీకర్లూ వేశారు, రేపు కుర్చీల్లో కూర్చునేవాళ్ళ కోసం. నేను అలవాటుగా తెర పక్కన చెయ్యెత్తి తాళం వేయడం మొదలుపెట్టాను. గువ్వ మొదటి అడుగు వేసింది. వరస మొత్తం దాని వెంట కదిలింది. స్టేజీ ఉరిమినట్టు ఉరిమింది. ఆ ఊపులోనే అది నావైపు తిరిగి, నడుం దగ్గర చిన్నగా, నాకొక్కదానికే కనపడేలా చేతులాడించింది.

"చెయ్యి దించు అక్కా. నువ్వూ ఆలస్యమే."

దించేశాను. పక్కనున్న మామయ్య, "ఏమందే, ఏమంది?" అని నా భుజం కుదుపుతూనే ఉన్నాడు.